గ్యాస్ లైనులో కరెంటు కారు

శనివారం ఉదయం కేశవరావు కారులో గ్యాస్ కొట్టించుకోవడానికి బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకు గానీ ఇల్లు చేరేవాడు కాదు. ఘాజియాబాద్‌లో ఆయన ఉండే అపార్ట్‌మెంట్ల గేటు ఎదురుగానే సీఎన్‌జీ పంపు ఉంది. ఆయన మాత్రం సరిహద్దు దాటి ఢిల్లీలో ఉన్న పంపుకే వెళ్లేవాడు. అక్కడ ధర కాస్త తక్కువని ఆయన వాదన. ఆ మిగిలేది కాస్తా దారిలో ట్రాఫిక్‌లో తగలబడిపోతుందని భార్య సరోజ వాదన. ఇద్దరి మాటా నిజమే, కానీ అసలు సంగతి వేరు. ఢిల్లీ పంపు దగ్గర లైను చాంతాడంత ఉంటుంది, ఆయనకు కావలసింది ఆ లైనే.

తెనాలి నుంచి వచ్చి ఢిల్లీలో ఒక బీమా కంపెనీలో చేరి, మెల్లగా మేనేజరు కుర్చీ దాకా వచ్చిన మనిషాయన. ఆఫీసులో నోరు విప్పడు. పైవాళ్లతో ‘యెస్ సార్’, కిందివాళ్లతో ‘ఠీక్ హై’, అంతే. వారమంతా మింగిన మాటలన్నీ శనివారం లైనులో కక్కేసేవాడు. అక్కడ ఆయనకు ఇద్దరు ఆస్థాన ప్రత్యర్థులు ఉండేవారు. ఒకడు బీహార్ నుంచి వచ్చిన టాక్సీ డ్రైవరు రాంనరేశ్. రెండోవాడు మన బాపట్ల యేసుదానం. భార్య సరళకుమారి ఆసుపత్రిలో నర్సు కావడంతో, అక్కడి నర్సులనే డ్యూటీకి దింపే వ్యాను నడుపుతాడు. లైను కదలనంతసేపూ ముగ్గురూ బండ్లు దిగి నిలబడేవారు.

కరెంటు బిల్లులు మాఫీ చేస్తే జనం సోమరిపోతులవుతారని రాంనరేశ్ అన్నాడనుకోండి, ‘కోటీశ్వరులకు మాఫీ చేస్తే వాళ్లు చురుగ్గా ఉంటారా’ అని కేశవరావు ఎగిరేవాడు. మరుసటి వారం అదే రాంనరేశ్ మాఫీ మంచిదే అన్నాడనుకోండి, ‘ఖజానా ఎవడబ్బ సొత్తు’ అని ఈయనే లేచేవాడు. ఆయనకంటూ ఒక పార్టీ లేదు. ఎదుటివాడిది ఏ పార్టీయో తెలిస్తే చాలు, ఈయనది తేలిపోయేది.

ఆటల సంగతి వస్తే యేసుదానం కబడ్డీ మనిషి.

“సంతలో గొడ్లని కొన్నట్టు కొంటన్నారు సార్ ఆ క్రికెటోళ్లని. మన కబడ్డీయే నయం.”

“కబడ్డీలో వేలం లేదటయ్యా?”

“ఉంటే ఉందిలెండి. ఊపిరి బిగబట్టేది మాత్రం ఆడేవాడే కదా.”

ఇలా సాగుతున్న బతుకులోకి కేశవరావు తన నోటితోనే ముప్పు తెచ్చుకున్నాడు. రాంనరేశ్ గ్యాసు బండిని మించింది లేదన్న పాపానికి ఈయన కరెంటు కారు పక్షం పుచ్చుకున్నాడు. పుచ్చుకున్నవాడు ఊరుకోవచ్చుగా? శనివారం చెప్పబోయే పాయింట్లన్నీ శుక్రవారం రాత్రే భోజనాల బల్ల దగ్గర వల్లె వేసేవాడు. సరోజ పెరుగన్నం కలుపుకుంటూ సగం వినేది. కూతురు స్నిగ్ధ ఫోను చూసుకుంటూ తలూపేది. ఆ పిల్ల పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. వినడం లేదని తండ్రి అనుకున్నాడు. పాపం, ఆ పిల్ల ప్రతి మాటా వింది.

నోయిడాలో ఉద్యోగంలో చేరి మొదటి బోనసు అందుకోగానే తండ్రిని కిందికి తీసుకెళ్లింది. బేస్‌మెంట్‌లో తెల్లటి కరెంటు కారు నిలబడి ఉంది. పక్కనే గోడకు కొత్త చార్జరు.

“నాన్నా, సర్‌ప్రైజ్. యూ ఆల్వేస్ సే నా, ఎలక్ట్రిక్ హీ ఫ్యూచర్ హై. అబ్ నో మోర్ లైన్.”

కేశవరావు కారు తలుపు తీసి, వేసి, మళ్లీ తీశాడు. కూతురు తన మాటకు అంత విలువ ఇచ్చినందుకు పొంగిపోయాడు. ఆ పొంగు శనివారం దాకా నిలిచింది. శనివారం పొద్దున్నే లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బూట్లు కూడా వేసుకున్నాక గానీ, తనకు వెళ్లాల్సిన చోటంటూ లేదని గుర్తుకు రాలేదు. పాత కారు అప్పటికే ఎక్స్ఛేంజిలో వెళ్లిపోయింది.

బేస్‌మెంట్‌లో చార్జరు దగ్గర ఎవరితో వాదిస్తాడు? అపార్ట్‌మెంట్ల సొసైటీ వాట్సప్ గ్రూపులో రాజకీయాలు నిషేధం. పార్కులో నడిచేవాళ్లు మోకాళ్ల నొప్పులు తప్ప ఇంకో మాట ఎత్తరు. మనిషి రోజురోజుకూ వాడిపోయాడు. ఒకనాడు టీవీలో ఎవరో నాయకుడు మాట్లాడుతుంటే కేశవరావు అవునవునని తలూపాడు. తరువాత అతన్ని తిట్టిన ఇంకో నాయకుడికీ తలూపాడు. అది చూసి సరోజకు గుండె ఝల్లుమంది.

“ఏవండీ, ఒంట్లో బాగానే ఉందా?”

“బాగానే ఉంది. ఇద్దరూ బాగానే చెప్పారు.”

“మీకు లైను కావాలి. పిల్లతో చెప్పేయండి.”

“ఏ నోటితో చెప్పమంటావు సరోజా? నేనన్న మాట నమ్మి, తొలి బోనసు మొత్తం పోసి కొన్నది. నీ కారు వల్ల నాకు పొద్దు పోవడం లేదంటే దాని మనసు చివుక్కుమనదూ?”

మరుసటి శనివారం కేశవరావు టైర్లలో గాలి చూపించుకొస్తానని గొణిగి బయటపడ్డాడు.

కొత్త కారు ఎక్కడుందో ఫోనులో కనిపిస్తుందని పాపం ఆయనకు తెలియదు. స్నిగ్ధ ఫోను చూసి కంగారు పడింది. “మమ్మీ, గాడీ గ్యాస్ పంప్ పే హై. చోర్ హై క్యా?” దొంగ ఎవరో సరోజకు తెలుసు. అయినా బయటపడకుండా ఆటో పిలిచింది.

వాళ్లు వెళ్లేసరికి లైను రోడ్డు మలుపు దాకా ఉంది. పసుపు నంబరు ప్లేట్ల టాక్సీల మధ్య, ఆకుపచ్చ ప్లేటు పెట్టుకుని కరెంటు కారు బుద్ధిగా నిలబడి ఉంది. అది అప్పటికే ఒకసారి పంపు దాకా వెళ్లింది. గొట్టం పట్టుకున్న కుర్రాడు కారు చుట్టూ తిరిగి, “ఇస్ మే కహాఁ డాలూఁ, అంకుల్?” అని, గొట్టం ఎక్కడ పెట్టాలో తెలియక తల గోక్కుంటే, కేశవరావు నమస్కారం పెట్టి, చుట్టు తిరిగి మళ్లీ చివర చేరాడు. గ్యాస్ కొట్టించుకోడు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. రాంనరేశ్ నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. యేసుదానం మాత్రం రావు గారి కొత్త కారుకు ముచ్చటపడి కరెంటు బండ్లను మెచ్చుకున్నాడు. ఇంకేం, కేశవరావు గ్యాసు పక్షంలోకి దూకేశాడు.

“ఆ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా? బొగ్గు తగలేస్తే కాదూ? ఏం బాగుపడినట్టు?” చేతులు గాల్లో తిప్పుతున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

వెనక స్నిగ్ధ నిలబడి ఉంది. యేసుదానం కనుసైగ చేశాడు. కేశవరావు తిరిగి చూసి, ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాడు.

“యూ డోంట్ లైక్ ద కార్, నాన్నా?” అంది స్నిగ్ధ.

ఆయన ఎత్తిన చేతులు దించాడు. సరోజే కల్పించుకుంది. “కారు నచ్చిందే. వాదించడానికి మనిషి లేకపోవడమే నచ్చలేదు. ఇంట్లో మనిద్దరం తలూపుతూ కూర్చున్నాం.”

స్నిగ్ధ తండ్రిని, ఆ ఇద్దరినీ, కదలని లైనునూ చూసింది. తరువాత రోడ్డు పక్క గట్టు ఎక్కి నిలబడి, మాటలు వెతుక్కుంటూ, తెలుగులో మొదలుపెట్టింది.

“నాన్నా, మీరు చెప్పింది తప్పు. మన సొసైటీ పైన సోలార్ పెట్టారు. అది బొగ్గా? ఇంకా ఈ గ్యాస్, ఇది షిప్‌లో వేరే దేశాల నుంచి రాదా?”

కేశవరావుకు చెవుల్లో తేనె పోసినట్టయింది. ఇరవై ఏళ్లు దాటిన బిడ్డ, తన మాట తప్పని తనతో మొదటిసారి అంది. అదీ తెలుగులో, అదీ నలుగురిలో. ఆనందం పట్టలేక గట్టిగా కసిరాడు.

“రాత్రిపూట మీ సోలారుకు సూర్యుణ్ణి నువ్వు తెస్తావా?”

“బ్యాటరీ ఉంటుంది నాన్నా, బ్యాటరీ. మీకు ఏమీ తెలీదు.”

యేసుదానం హిందీలో చెప్పగా విని, రాంనరేశ్ స్నిగ్ధ పక్షం చేరాడు. యేసుదానం ఆలోచించుకోవడానికి సమయం అడిగాడు. వాదిస్తూనే ఒక్కో బండీ జరుపుకుంటూ పోగా, కరెంటు కారు మళ్లీ పంపు ముందుకొచ్చింది. గొట్టం కుర్రాడు దండం పెట్టాడు.

“వచ్చే శనివారం నేనూ వస్తా. ఇది అవలేదు,” అంది స్నిగ్ధ.

కేశవరావు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఓడిపోదలచుకోలేదు. కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

“వచ్చే వారం దాకా ఎందుకు? లైను చివర చోటుంది, ఎక్కు,” అన్నాడు.