బయమ్మ కేక, జింకల లెక్క

మడకశిర దాటి కర్ణాటక వైపు పోయే బస్సు దిగి, మట్టిబాటలో కాస్త దూరం నడిస్తే వచ్చే ఆ పల్లెలో బయమ్మ గొంతు తెలియని మనిషి లేడు. పాటకు పనికొచ్చే గొంతు కాదది, పంటను కాపాడే గొంతు. పావడా కట్టే వయసులోనే నాయన ఆమెను చేనిగట్టు మీద నిలబెట్టి, పిట్టలు వాలితే ఒక రకంగా, పందులొస్తే ఒక రకంగా, జింకలు దిగితే ఇంకో రకంగా అరవడం నేర్పాడు. బడికి పోవాల్సిన పిల్లను కాపలాకు పెట్టాడని ఆయన్ను తప్పుపట్టడం మనకు సులువే. కాపలా లేని చేలల్లో ఆ రోజుల్లో గింజ మిగిలేది కాదు. పెళ్లై చెన్నప్ప ఇంటికొచ్చాకా అదే పని. కోడలన్నాక అణకువగా మాట్లాడాలని సుద్దులు చెప్పే అత్తే, తెల్లారకముందే చేనికి తరిమి గొంతు చించుకోమనేది.

ఈ కథ జరిగింది రెండు వేల మూడులో. ఆ ఏడు వేసిన వేరుశనగ ఎండిపోతే, ఎక్కడెక్కడో విత్తనం తెచ్చి మళ్లీ వేశారు. చెన్నప్ప బెంగళూరుకు కట్టడం పనికి పోయాడు. ఈ పంట చేతికొస్తే అతను ఇంటికొస్తాడు, రాకపోతే బయమ్మ కూడా అక్కడికే పోయి ఇటుకలు మోయాలి. పోయేముందు ఇద్దరూ అనుకున్న మాట అది. ఒక ఎండాకాలం ఆమె ఆ బతుకు చూసింది. ప్లాస్టిక్ పట్ట కప్పిన గుడిసెలో పడుకుని, బిందెడు నీళ్ల కోసం ఊరూ పేరూ తెలియనివాళ్ల చేత తిట్లు తిని వచ్చింది. మళ్లీ అక్కడికి పోవడం కంటే చేనిలో పడి చావడం మేలనుకునేది.

వేరుశనగ ఊడలు మట్టిలోకి దిగి కాయ కట్టే వేళకు దేవుడు కనికరించినట్టు ఒక్క వాన పడింది. చేను పచ్చబడింది. పచ్చబడగానే బీడు మీది జింకలన్నీ దానిమీద పడ్డాయి. చుట్టూ కంచె వేయించమని ఊరివాళ్లు ఏళ్ల తరబడి అటవీశాఖ ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. మీ దగ్గర ఎన్ని జింకలున్నాయో లెక్క లేదు, లెక్క లేనిదే కంచె రాదు అనేది అక్కడి జవాబు. ఆ లెక్క తేల్చడానికే హేమలత అనే పరిశోధకురాలు ఇద్దరు సహాయకులతో వచ్చింది.

బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టి ఆమె పద్ధతి చెప్పింది. ఒక్కొక్క జింకనూ లెక్కపెట్టరు. పటం మీద గీతలు గీసి, తెల్లవారుజామున ఆ గీత వెంట నడుస్తూ, కనబడిన ప్రతి మందా ఎంత దూరంలో ఉందో రాసుకుంటారు. దూరం పెరిగేకొద్దీ కంటికి తప్పిపోయేవి ఎక్కువ కాబట్టి, ఎన్ని తప్పిపోయాయో దాన్నిబట్టి లెక్క కడతారు. కనబడని జింకలకు కూడా లెక్కేనా అని ఓబుళేసు నవ్వాడు. బయమ్మ పక్క చేను అతనిదే. హేమలత నొచ్చుకోలేదు. ఇంతకుముందు పడవ మీద పోతూ సముద్రంలో డాల్ఫిన్లను కూడా ఇలాగే లెక్కించానని చెప్పింది. అవి ఆడుకోవడానికి పడవ దగ్గరికే వచ్చేస్తాయట. అలా వచ్చినవాటిని రాసుకుంటే ఉన్నవాటికంటే ఎక్కువ తేలతాయి. జింకలు పారిపోతాయి కాబట్టి తక్కువ తేలతాయి. అవి కదలకముందే తాము చూడాలి, అప్పుడే ఆ లెక్కకు విలువ. అందుకని లెక్క ముగిసేదాకా ఎవరూ అరవకూడదు, డబ్బాలు కొట్టకూడదు, కుక్కల్ని వదలకూడదు.

అరవకూడదంటే చేను జింకల నోటికి అప్పగించడమే. చివరికి ఓబుళేసును ఒప్పించింది బయమ్మే.

"ఈసారి లెక్కలో పడితే కంచె వస్తాదన్నా. రెండు మూడు పొద్దులు నోరు మూసుకుందాం" అంది.

మొదటి పొద్దు ఆమె గట్టు మీద కూర్చుని చీరకొంగు నోట్లో కుక్కుకుంది. కళ్లముందే మంద దిగింది, మేసింది, పోయింది. మరుసటి పొద్దుకు ఊరంతా సద్దుమణిగిందని జింకలకు అర్థమైపోయింది. అవి తీరిగ్గా, పెళ్లి భోజనానికి కూర్చున్నట్టు మేశాయి. తూర్పు సగం మోడుగా మిగిలింది. మిగతా సగంతోనైనా గట్టెక్కుతానని ఆమె తనకు తానే చెప్పుకుంది. ఆ మాట తనే నమ్మలేదు పాపం.

చివరి పొద్దు గీత ఆమె చేని పక్కనుంచే పోతుంది. మంద మిగిలిన పడమటి చెక్కలో ఉంది. దూరాన గుట్ట మలుపులో హేమలత టోపీ కనబడింది. ఇంకాస్త సేపు ఓర్చుకుంటే చాలు. అంతలో ఒక పోతు జింక మొక్కను వేళ్లతో సహా లాగింది. కింద లేత కాయలు వేలాడుతున్నాయి. బయమ్మ అరవాలనుకోలేదు. చిన్ననాటి నుంచీ ఆ గొంతు ఆమెనడిగి లేచింది కాదు. కేక లేచింది, మంద లేచింది, బీడంతా దుమ్ము లేచింది.

హేమలత వచ్చేసరికి బయమ్మ గట్టు మీద కూలబడి ఉంది. ఆ గీతను లెక్కలోంచి తీసేయాలని హేమలత మెల్లగా చెప్పింది.

"నీ కంటితోనే చూసినావు కదా మేడం, పరిగెత్తిపోతాంటే" అంది బయమ్మ.

"మీరు అరిచాక చూశానక్కా. అంతకుముందు ఎక్కడున్నాయో, ఎన్నున్నాయో చూడలేదు. రాస్తే అబద్ధమవుతుంది."

"అబద్ధమే రాయి."

హేమలత కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా రాయలేదు. ఇక్కడ ఒక అబద్ధం రాస్తే మిగతా ఊళ్ల లెక్కను కూడా ఎవరూ నమ్మరని చెప్పింది. ఈ గీత పోతే మీ ఊరి అంచనా తక్కువ ఇంత, ఎక్కువ ఇంత అని మరీ వెడల్పుగా తేలుతుంది, ఆఫీసువాళ్లు తక్కువదే చూస్తారు, కంచె రావడం కష్టమే అని కూడా దాచకుండా చెప్పింది. రేపు మళ్లీ నడవమని బయమ్మ బతిమాలింది. రేపు పొద్దుటికి వాళ్లు గుత్తి వైపు ఉండాలట. ఆమె చెప్పిందాంట్లో ఒక్క తప్పూ లేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా బయమ్మకు చోటు లేకుండా పోయింది.

ఓబుళేసు తన చేని గట్టు దిగి వచ్చాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

"మాకు లేదా కడుపు, బయమ్మా? మేం మూసుకోలేదా నోరు?" అని అడిగి, జవాబు కోసం నిలబడకుండా పోయాడు.

మధ్యాహ్నం ఆమె మడకశిరకు పోయి, టెలిఫోన్ అంగడి నుంచి చెన్నప్ప పనిచేసే చోటికి ఫోన్ చేసింది. చేనెట్లుండాదని అతను ఆశగా అడిగాడు. ఎట్లుండాదో ఆమె చెప్పలేదు.

"నువ్వు రావొద్దు. నాకూ ఆడ్నే పని చూడు" అంది.

గుడిసెలో ఇద్దరు పడుకునేంత చోటు లేదని, మేస్త్రీని అడిగి చూస్తానని చెన్నప్ప చెప్పాడు.