అంకెబిళ్ల చేపలు

పోయిన ఆదివారం హుజూరాబాద్ మార్కెట్లో బొచ్చె చేపను తూకం వేయించేముందు, అమ్మే ఆవిడ విసుక్కుంటున్నా వినిపించుకోకుండా, దాని వెన్నురెక్క పక్కన వేలితో తడుముతూ నిలబడిపోయాను.

నేను మత్స్యశాఖలో కొత్తగా చేరిన రోజుల్లో, హేచరీలో పెంచిన చేపపిల్లలు గోదావరిలో ఎంత దూరం పోతాయో, ఎన్ని బతుకుతాయో తెలుసుకోవడానికి, వాటి వెన్నున గోరంత అంకెబిళ్ల కుట్టి వదిలేవాళ్లం. లక్సెట్టిపేట దగ్గర వల వేసే ఒక పెద్దాయనకు, బిళ్ల ఉన్న చేప పడితే ఆ బిళ్ల తీసి దాచమని చెప్పాను. సర్కారు పని తనకు అప్పగించామని ఆయన ఎంత మురిసిపోయాడో!

చేపపిల్లలను జీపులో తీసుకెళ్తున్న రోజు, దారిలో మా అక్క వాళ్ల ఊరు తగిలింది. అక్క కోడికూర వండి కూర్చోబెడితే తిని, ఒక్క కునుకు తీద్దామని నడుం వాల్చి, లేచేసరికి ఎండ జీపు మీదికి వచ్చేసింది. మూతలు తీసి చూస్తే క్యాన్లలో పిల్లలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. పెద్దాయన పొద్దున్నుంచి చూసి చూసి అన్నానికి ఇంటికి పోయాడట, రేవులో ఎవరూ లేరు. అన్నింటినీ నీళ్లలో కుమ్మరించి, రిజిస్టరులో మాత్రం 'అన్నీ సజీవంగా వదిలాము' అని రాశాను.

రెండేళ్లు చూసినా ఒక్క బిళ్లా రాకపోవడంతో, ఆ రేవులో పిల్లలు బతకవని పైవాళ్లు తేల్చి, అక్కడ వదలడమే మానేశారు. బిళ్లలు సరిగ్గా చూడలేదని ఊళ్లోవాళ్లంతా పెద్దాయన మీద పడ్డారు. ఆయన బస్సెక్కి కరీంనగర్‌లో మా ఆఫీసుకు వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి చేతులు జోడించాడు.

"పడ్డ ప్రతి చేప ఈపు సూశిన సారూ, ఒక్కటి గూడ దొరకలే. నా కండ్లే మసకలైనయో ఏమో. నా తప్పుకు ఊరిని ఎండబెట్టకున్రి, జర మాఫ్ చెయ్యున్రి."

"పోనీలే తాతా, ఫికర్ చెయ్యకు," అన్నాను. ఆయనను క్షమించినట్టే అన్నాను!

నిజం చెప్పేద్దామని తర్వాత రెండుసార్లు ఆ ఊరికి వెళ్లి, ఆయన తెప్పించిన చాయ్ తాగి తిరిగి వచ్చాను. ఆయన పోయాడని విన్న రోజున, బాధ కంటే ముందు, ఇక చెప్పనక్కర్లేదన్న ఊరట కలిగింది.

ఇప్పుడు చేప ఒంట్లోనే చిన్న యంత్రం పెడతారట, చచ్చిందో బతికిందో అదే చెబుతుందట, ఎవరి మాటా నమ్మే పని లేదట. మా రోజుల్లో నది సంగతి తెలియాలంటే మనిషి మాటే ఆధారం. ఆయన తన మాట చివరిదాకా నిలబెట్టుకున్నాడు.