సాత్విక పళ్ళెం

"...చేతికి అంటుకున్న వెన్న ఎవరి పొట్టలోకి పోతుంది గౌరీ? నీ పొట్టలోకా, పాప పొట్టలోకా?"

దశరథ్ గొంతు పెంచలేదు. గుడ్డు, వెన్న కలిపిన గిన్నెను భార్య ముందు నుంచి తన ముందుకు జరుపుకున్నాడు.

"ఒక్క ముద్ద పెడతానన్నాను. దానికే ఇంత చెప్పాలా?"

"ఆ ముద్దలో సగం వెన్న నీ వేళ్ళకే ఉంటుంది."

ఏడేళ్ళ సాత్విక చెంచా కోసం చెయ్యి చాపింది. "మమ్మా, పాపా కో దే దో." నాన్నకే ఇచ్చెయ్యమంది.

గౌరి చెయ్యి కడుక్కుంది.

గ్రేటర్ నోయిడాలోని ఆ ఇంట్లో సాత్విక తిండి విషయంలో చివరి మాట దశరథ్‌ది. మందులకు ఫిట్స్ లొంగనప్పుడు డాక్టరు ఈ కీటో పథ్యం రాశారు. అన్నం లేదు, పండ్లు లేనట్టే. వెన్న, క్రీము, కొబ్బరినూనె తూచి పెట్టాలి, పళ్ళెం నాకినట్టు ఖాళీ కావాలి. ఎవరో ఒకరు ఇంట్లో ఉండక తప్పదు. గౌరి సాఫ్ట్‌వేర్ జీతం పెద్దది కాబట్టి, దశరథ్ ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం మానేశాడు. మానమన్నది గౌరే.

పథ్యం పనిచేసింది. ఫిట్స్ ఆగిపోయాయి. అప్పటినుంచే గౌరికి కడుపుమంట మొదలైంది. ఆఫీసు మీటింగులో ఉండగా అతను ఖాళీ పళ్ళెం ఫోటో పంపేవాడు. గౌరి బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపి, ఫోను బోర్లా పెట్టేసేది. అతనికి జలుబు చేస్తే ఇక తనకు వంటిల్లు దొరుకుతుందనుకుంది. అతను మూతికి మాస్కు కట్టుకుని తూచాడు. ఒకరోజు పథ్యం పట్టిందో లేదో చెప్పే మూత్రం పరీక్ష పట్టీ రంగు సరిగ్గా రాక దశరథ్ కంగారుపడ్డాడు. అప్పుడు గౌరికి ముందు కలిగింది భయం కాదు.

వెన్న గిన్నె జరుపుకున్న రోజే ఢిల్లీ ఆసుపత్రి వరండాలో ఒకావిడ దశరథ్ పక్కన కూర్చుని, బాదం పిండి రొట్టె విరగకుండా ఎలా తియ్యాలో అడిగి తెలుసుకుంది. లేస్తూ గౌరి వైపు తిరిగింది.

"దీదీ, ఆప్ బహుత్ లక్కీ హో."

గౌరి నవ్వింది. ఇంటి దగ్గర లిఫ్టులో ఆంటీలు కూడా ఇలాగే అదృష్టవంతురాలివంటారు.

ఆసుపత్రిలో పథ్యం చూసే నేహా లోపలికి పిలిచి, "సర్, మీ పనీర్ వంట పద్ధతి మిగతా తల్లులకు కూడా పంపించాను" అంది. మిగతా తల్లులు. గౌరి సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

డాక్టరు కొత్త రిపోర్టు చూశారు. పాపకు రెండేళ్ళుగా ఫిట్స్ లేవు, మెల్లగా మామూలు తిండికి తేవచ్చన్నారు. ఇంకో ఆరు నెలలు ఆగినా మంచిదేనని, తగ్గించేటప్పుడు కొందరికి ఫిట్స్ తిరిగి వస్తాయని చెప్పారు. ఇద్దరూ మాట్లాడుకుని చెప్పమన్నారు.

సాత్విక కారు వెనక సీట్లో నిద్రపోయింది. కారు ఇంకా పార్కింగులోనే ఉంది.

"మామూలు తిండి మొదలుపెట్టేద్దామండీ" అంది గౌరి.

"ఆరు నెలలు ఆగుదాం. మళ్ళీ వస్తే?"

"రాకపోతే? మీకు వంటిల్లు వదలబుద్ధి కావట్లేదు, అంతే."

అతను స్టీరింగ్ మీద చేతులు తియ్యలేదు. "అవును, కావట్లేదు. కాలేజీలో నేను లేకపోయినా క్లాసులు జరిగిపోతున్నాయి. దీనికి నేను లేకపోతే జరగదు."

"జరగదని మీరే తేల్చేశారా?"

"సరే, నువ్వు చెప్పు. ఫిట్స్ రావని నమ్మకమా, నన్ను పక్కకి నెట్టాలనా?"

గౌరి వెనక సీటు వైపు తిరిగింది. స్కూలు బస్సులో సాత్విక కళ్ళు తేలేసిన రోజు, టీచరు పంపిన వీడియోను ఆఫీసు మెట్ల మీద నిలబడి చూసింది. దశరథ్ అప్పటికే ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ రోజూ అతనే ముందు చేరాడు. ఇప్పుడు పాప నిద్రలో పెదవులు కదిలిస్తోంది. ఊపిరి సమంగా ఉంది.

"ఆరు నెలలూ పథ్యం ఉంచుదాం" అంది గౌరి. "సోమవారం నుంచి నేను సెలవు పెడుతున్నాను. తూచేదీ పెట్టేదీ నేనే. మీరు ఉద్యోగం వెతుక్కోండి."