విరిగిన పిన్నులు, ఆగిన లారీ

ఖరగ్‌పూర్‌లో రైలు దిగేసరికి జోరున వాన. భుజాన కిట్‌బ్యాగు, జేబులో ఆర్డరు. సైన్యంలో మా ఇంజనీర్ల కంపెనీ అప్పుడు కొండల్లో ఉంది. అక్కడ వరదకు వంతెన కొట్టుకుపోయి, అవతలి ఒడ్డున ఒక ఊరు చిక్కుబడిపోయింది. కొత్త ఇనుప వంతెనను బిగించే లావుపాటి ఉక్కు పిన్నులు ఊరి శివార్లలో మలంచా దాటాక ఒక షెడ్డులో తయారవుతున్నాయి. కాంట్రాక్టు ప్రకారం వాటిని పరీక్షించి, బరువుకు వంగినా విరక్కుండా ఉంటేనే లారీ ఎక్కించాలి. ఆలస్యమూ కాకూడదు. రెండూ నా డ్యూటీయే.

షెడ్డు యజమాని సింహాచలం గారు. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో స్థిరపడ్డ మనవైపు మనిషి. రైల్వే వర్క్‌షాపులో రిటైరై సొంతంగా పెట్టుకున్నారు.

ఒక పిన్ను తీసి ప్రెస్సు కింద పెట్టాం. బరువు పెంచాం. వంగలేదు. ఠప్పున విరిగింది. ఇంకోటి పెట్టాం. అదీ అంతే.

"ఏటి బాబూ, ఇలగైపోనాది?" ఆయన ముఖం పాలిపోయింది. "మద్దెలో కరెంటు పోయి కొలిమి సల్లారిపోనాది. సరిపోద్దనుకున్నాను."

ఫోన్ మోగింది. కంపెనీ కమాండర్.

"లారీ బయలుదేరిందా?"

"లేదు సార్. పిన్నులు విరుగుతున్నాయి."

"అవతల జబ్బు మనుషులున్నారు. నీళ్లు పెరుగుతున్నాయి. పంపగలవా, లేదా?"

ఆ వంతెన మీద మొదట నడిచేది మావాళ్లే.

"పంపలేను సార్."

"సరే. త్వరగా కానీ."

సింహాచలం గారు జనరేటర్ తెప్పించారు. పిన్నులన్నీ మళ్లీ కొలిమికెక్కాయి. "ఈపాలి నానిక్కణ్ణించి కదల్ను బాబూ" అన్నారు. నేనూ కదల్లేదు. అన్నం సయించలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాణ్ణి. మూడో రోజు ప్రెస్సు కింద పిన్ను మెల్లగా వంగింది. విరగలేదు. ఎన్ని తీసి చూసినా అదే తీరు.

లారీతో నేనూ వెళ్లాను. వంతెన బిగించాం. మావాళ్లు నడిచి చూశారు. రేడియో ఆపరేటర్ అవతలికి చెప్పాడు: "దారి తెరిచాం. రండి."

మొదట ఒక నులకమంచం వచ్చింది. నలుగురు మోస్తున్నారు. మంచం మీది మనిషికి ముఖం మీదుగా దుప్పటి కప్పి ఉంది. ప్రాణం ఎప్పుడు పోయిందని ఎవరినీ అడగలేకపోయాను.

సర్వీసు ముగించుకుని పార్వతీపురం వచ్చేశాను. ఆ వంతెన నిలిచింది. మావాళ్లెవరికీ ఏమీ కాలేదు. విరిగే ఆ పిన్నులు ఇప్పుడిచ్చినా పంపను. కానీ ఆ మంచం పక్కన నడిచిన ఆడమనిషి కళ్లముందు నుంచి పోదు. తను నిలువునా తడుస్తూ, గొడుగు మాత్రం ఆ దుప్పటి మీదే పట్టుకుని నడిచింది.