తిరగలి వట్టి తిప్పులు

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే నాకు తొమ్మిదేళ్లు నిండిన పదకొండో రోజు, గురువారం, మధ్యాహ్నం రెండు గంటలకు, నేనొక అబద్ధమాడాను.

అప్పటి మా ఊరు ఇప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ గోడ లోపల ఉంది. అక్కడ ఏ ఇంట్లోనైనా తిరగలిలో గింజలు పోసేముందు మూడుసార్లు వట్టిగా తిప్పేవారు. ఎందుకో నాకెవరూ చెప్పలేదు. ఆ రోజుకి మా రెండేళ్ల తమ్ముడికి జ్వరం వచ్చి మూడు రోజులు. అమ్మానాన్నా వైద్యుణ్ణి తీసుకురావడానికి వెళ్లారు. అంబలికి చోళ్లు, అవే రాగులు, విసరమని మా మామ్మ, అంటే నాన్న తల్లి, నాకు చెప్పింది. తమ్ముడి ఏడుపు వినలేక నేరుగా గింజలు పోసి విసిరేశాను. అంబలి తాగి వాడు పడుకున్నాక అరుగు మీదున్న మామ్మ దగ్గరికి వచ్చాను.

"వట్టి తిప్పులు తిప్పినావేటే?" అంది మామ్మ.

"తిప్పినాను. మూడూ."

"నానేటి సెవిటిదాన్నా? పెద్ద లెక్కలదానివి కదే, మూడుకే తప్పినావు!"

ఆ తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. కరువుకి ఊరొదిలిన మావాళ్లు ఇక్కడికి చేరేసరికి పద్నాలుగు ఇళ్లు కనబడ్డాయట. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. మనుషుల్లేరు. కుక్కైనా మొరగలేదు. ఒక ఇంట్లో తిరగలి చుట్టూ సగం విసిరిన పిండి, పక్కన పసిపిల్ల గిన్నెలో అంబలి. ఇంకా గోరువెచ్చగానే ఉంది. మూడుసార్లు కేకేశారు. ఎవరూ పలకలేదు. ఆకలికి కళ్లు తేలేస్తున్న తమ పిల్లాడికి ఆ అంబలి పట్టారు. ఆ పిల్లాడే పెద్దయ్యాక మామ్మకి మామగారయ్యాడు. ఆ ఇళ్లవాళ్లు మళ్లీ రాలేదు.

"ఆళ్ల కూడే మనం తింతన్నాం. తినేముందు పిలవాల కదే. ఆ తిప్పులు పిలుపులే."

అప్పుడు లోపల తిరగలి తిరిగింది. నేను లెక్కపెట్టాను. మూడుసార్లు. ఆగింది.

ఇంట్లో తమ్ముడు తప్ప ఎవరూ లేరు. పెరటి తలుపుకి లోపలినుంచి గడియ వేసి ఉంది. మామ్మ నన్ను గుమ్మం వైపు నెట్టింది.

"నువ్వు పిలవలేదని ఆళ్లే పిలస్తన్నారే. ఎల్లి పలుకు!"

అంబలి తాగిన తమ్ముణ్ణి వాళ్లు తీసుకుపోతారని నాకు అర్థమైంది. పరుగెత్తి, మంచానికీ తిరగలికీ మధ్య నిలబడ్డాను. "అబద్దమాడినాను. మా తమ్ముడు తాగింది మీదే" అన్నాను. ఎవరికి చెప్పానో ఇప్పటికీ తెలియదు. ఐదు గంటల పదినిమిషాలకు వాడికి చెమట పట్టి జ్వరం దిగింది. ఇప్పుడు కూర్మన్నపాలెంలో మనవల్ని ఎత్తుకుంటున్నాడు.

ఆ రోజు తర్వాత నేను ఏ లెక్కా తప్పుగా చెప్పలేదు. ఫ్యాక్టరీకి ఊరు ఖాళీ చేసినప్పుడు పోయినవి ఇవి: ఇళ్లు నలభై మూడు. నూతులు మూడు. తాటిచెట్లు రెండువందల ఆరు. మాకు ముందు అక్కడ వండుకున్నవాళ్ల పేర్లు, మాకొక్కటీ తెలియనివి, అన్నీ.