బాలమ్మ పసుపు పెట్టిన ఫొటో

2023 వేసవి. వనపర్తిలో నాది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే మాత్రం సగం పని మెమరీ కార్డులదే. కెమెరాలో కార్డు మొండికేస్తే చుట్టుపక్కల మండలాల ఫొటోగ్రాఫర్లు నా దగ్గరికే వస్తారు. రావడం సంతోషమే. కానీ తమకు తోచిన వైద్యమంతా చేసి, ఇక ఆశ లేదనుకున్నాక తెస్తారు. నా కోపమంతా దానికే.

పాన్‌గల్‌లో స్టూడియో నడిపే శేఖర్ కూడా అట్లాగే వచ్చాడు. వెంట సుజాత అనే కొత్త పెళ్లికూతురు. పెళ్లై వారం కూడా కాలేదు. ఆమె తల్లి బాలమ్మ కూడా వచ్చింది గానీ లోపలికి రాకుండా ఎండలో మెట్ల మీదే కూర్చుంది. రమ్మంటే, పని అయ్యాక వస్తానని చెయ్యి ఊపింది. సరేలెమ్మని నేనూ ఊరుకున్నాను.

శేఖర్ సంగతి చెప్పాడు. పెళ్లి ఫొటోలు వేరే కార్డులో భద్రంగా ఉన్నాయి. అంతకు ముందు పెళ్లికూతురిని చేసిన నాటి కార్డు మాత్రం మర్నాడు తెరుచుకోలేదు. కెమెరాలో పెడితే ఫార్మాట్ చేయమని అడిగింది. ఫార్మాట్ అంటే కార్డును ఖాళీ చేసి మళ్లీ సిద్ధం చేయడం. ఈ మహానుభావుడు సరేనని నొక్కేశాడు. అది చాలదన్నట్టు, కార్డు బాగైందో లేదో చూద్దామని స్టూడియో గోడనూ ఫ్యానునూ ఫొటోలు తీశాడు.

“ఎన్ని కొట్టినవ్?” అని అడిగాను.

“ఎనిమిదో తొమ్మిదో అన్నా. యాదికి లేదు.”

నాకు ఒళ్లు మండింది. ఫార్మాట్ చేసినంత మాత్రాన ఫొటోలు పోవు. పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు, ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక పోతుందంతే, పేజీలు అట్లాగే ఉంటాయి. ఆ తర్వాత కొత్తవి తీస్తే మాత్రం అవి పాతవాటి మీదే పడతాయి. దీన్ని ఓవర్‌రైట్ అంటాం. అట్లా పోయినవాటిని ఎంత మొనగాడైనా తేలేడు. పైగా ఇట్లాంటి కార్డుల్లో కొత్తవి సాధారణంగా మొదటి నుంచే పడతాయి కాబట్టి ముందు పోయేవి ముందు తీసిన ఫొటోలే.

ఈ మాట వినగానే సుజాత ముఖం పాలిపోయింది. ఆమెకు కావలసింది మొదట్లో తీసిన ఫొటోనే.

తండ్రి పోయేనాటికి సుజాతకు ఆరేళ్లట. అప్పటి నుంచి బాలమ్మ ఎవరింటి శుభకార్యంలోనూ ముందుకు వచ్చింది లేదు, వంటల దగ్గరే ఉండిపోయేది. తన పెళ్లికి మాత్రం మొదటి పసుపు తల్లే పెట్టాలని, లేకుంటే పీట మీద కూర్చోనని సుజాత పట్టుబట్టింది. మేనత్త అడ్డుపడినా వినలేదు. చివరికి బాలమ్మే పెట్టింది. మర్నాడే కార్డు పాడైందని తెలిసింది. ఇంకేం, తాళి లేనిదాని చెయ్యి పడ్డది కాబట్టే ఫొటోలు కూడా నిలవలేదని మేనత్త ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

“ఆమె అన్నదానికి నాకు రంది లేదన్నా,” అంది సుజాత. “మా అమ్మ సుత గట్లనే అనుకుంటుంది. నా కాపురానికి ఏమైతదోనని అన్నం తింటలేదు.”

బాలమ్మ ఎందుకు లోపలికి రాలేదో అప్పుడు అర్థమైంది. తాను అడుగుపెడితే ఈ పని కూడా చెడిపోతుందని ఆమె భయం.

దెబ్బతిన్న కార్డు మీద నేను నేరుగా చెయ్యి పెట్టను. ముందు దాన్ని ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి నకలు తీస్తాను. దీన్ని ఇమేజ్ అంటారు. వెతుకులాటంతా ఆ నకలు మీదే. రికవరీ సాఫ్ట్‌వేర్ నడుస్తున్నంతసేపూ సుజాత కుర్చీ అంచున కూర్చుని తెర వైపే చూసింది.

మొదట శేఖర్ గారి గోడ, ఫ్యాను వచ్చాయి. లెక్కపెడితే తొమ్మిది. పదోది పసుపు కొమ్ములున్న రోలు. పదకొండోది తెరిస్తే బాలమ్మ. కూతురి చెంపకు పసుపు రాస్తూ, ప్రపంచంలో ఇంకెవరూ లేనట్టు ఆ పిల్లనే చూస్తోంది. సుజాత రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది.

ఆ ఫొటోను కాపాడింది శేఖర్‌కున్న ఒక అలవాటు. ఏ కార్యమైనా ముందు దేవుడి పటాలు, శుభలేఖ, పూలపళ్లెం తీస్తే గానీ మనుషుల్ని తీయడు. అతని గోడలూ ఫ్యాన్లూ పోయి ఆ పటాల మీద పడ్డాయి. దేవుళ్లే అడ్డం నిలబడ్డారని శేఖర్ కార్డును కళ్లకద్దుకున్నాడు.

నేను మాత్రం చివరి ఫొటో దగ్గర ఆగాను. అది పైసగమే ఉంది, కిందంతా బూడిదరంగు. ఫొటో తీశాక అది కార్డులోకి చేరేదాకా కెమెరా మీద చిన్న ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ లైటు ఆరకముందే కార్డు బయటికి లాగితే ఇట్లాగే సగంలో తెగిపోతుంది, కొన్నిసార్లు కార్డే పాడవుతుంది. అట్లా లాగావా అని అడిగితే శేఖర్ ఔనన్నాడు. నన్ను పక్కకు తీసుకుపోయాడు.

“ఫొటోలు వచ్చినయ్ గదన్నా. గిది చెప్పకు. ఊళ్లె నా పేరు ఖరాబైతది.”

నిజం చెప్పాలంటే, ఇట్లాంటివి నేను ఎన్నో కడుపులో దాచుకున్నాను. ‘కార్డు పోయింది’ అంటే ఎవరి తప్పూ లేనట్టు ఉంటుంది, ఈ పనిలో ఉన్న మా వాళ్లందరికీ అలవాటైన మాట అది. ఈసారి మనసొప్పలేదు.

“నీ పేరు మల్ల బాగైతది. ఆమె అన్నం తింటలేదు. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?”

శేఖర్ బయటికి వెళ్లి బాలమ్మకు ఒక మెట్టు కింద కూర్చున్నాడు. “పెద్దమ్మా, లైటు ఆరకముందే కార్డు గుంజిన. తప్పు నాది. నీ చేతిల ఏం లేదు.”

ఆమె నమ్మలేదు. నిజమేనా బిడ్డా అని నన్ను అడిగింది. లోపలికి పిలిచి సగం తెగిన ఫొటో చూపించి, ఎందుకట్లా అయిందో వివరంగా చెప్పాను. తర్వాత ఆమె ఫొటో తెరిచాను. చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుని శేఖర్ వైపు తిరిగింది.

“ఫొటో తర్వాత ఇద్దువు గానీ. ముందుగాల మా ఆడిబిడ్డ ఇంటికి రా. నాకు చెప్పినట్టే ఆమెకు చెప్పు.”

ఎప్పుడూ వెనకే నిలబడే మనిషి గొంతు అది. శేఖర్ మారుమాట్లాడకుండా బండి తాళం తీసుకున్నాడు.

ఫొటోలు తెచ్చి ఇస్తే నా పని అయిపోయిందని అంతదాకా అనుకునేవాణ్ని. అవి ఎట్లా పోయాయో మనం చెప్పకపోతే, ఆ నింద మోయడానికి ఊరు ఎవరో ఒకరిని వెతుకుతుంది. ఇప్పుడు నా దుకాణానికి ఏ కార్డు వచ్చినా, అది ఎందుకు పాడైందో తెలిసినంతవరకు కవరు మీద రాసి, తెచ్చినవాళ్లకు చదివి వినిపించి ఇస్తున్నాను.