కోబీ నీళ్ళు

కడుపులో క్యాన్సర్ అని తేలేసరికే నాయిన సగమయ్యాడు. బిల్డింగు పనుల్లో కూలీలను నడిపే ముకద్దంగా వాళ్ళ మీద అరిచి బతికిన మనిషి. ఆయన కామాటిపురలో ఒంటిగదుల వరసలున్న మా చాల్ మెట్లెక్కుతుంటే కింది గదుల పిల్లలు నోరు మూసుకునేవారు. అలాంటివాడి తొడ నా ముంజేతంత అయింది.

అమ్మను ఆయన తిండి దగ్గరే ఎక్కువ ఏడిపించాడు. మాంసం లేని రోజు కంచం గోడకు కొట్టేవాడు. ఒకసారి పాలకూర పప్పు వండిందని, తానేమన్నా గొడ్డునా అని అడిగి, ఆ వేడి పప్పు ఆమె చేతి మీద ఒంపాడు.

పక్కగది ఆమె అమ్మకు ఫోన్లో ఒక వీడియో చూపించింది. మేము కోబీ అనే క్యాబేజీలో, బ్రకోలీలో సల్ఫోరాఫేన్ అనే పదార్థం పుడుతుందట, క్యాన్సర్ రోగి కండ కరగకుండా ఆపుతుందట. మర్నాటి నుంచి అమ్మ పచ్చి కోబీ మిక్సీలో వేసి, వడగట్టి, ఆ నీళ్ళు ఆయనకు తాగించసాగింది. మాంసం, గుడ్లు, పాలు బంద్ చేసింది.

నేను డాక్టర్‌ను అడిగాను. అలాంటి పదార్థాలను ఎలుకల మీద పరీక్షిస్తున్నారనీ, మనుషుల్లో ఈ క్షీణతను ఆపుతాయని తేలలేదనీ ఆయన హిందీలో నిదానంగా చెప్పాడు. తిన్నా ఈ జబ్బు కండను కరిగిస్తుంది, తినకపోతే ఇంకా తొందరగా కరిగిస్తుంది, అడిగింది పెట్టండి అన్నాడు. పక్కనే ఉన్న అమ్మ అన్నిటికీ తలూపింది. ఇంటికొచ్చి మళ్ళీ కోబీ తరిగింది.

"ఇంత షేర్వా పొయ్యవే. నోరు చచ్చిపోయింది," అని నాయిన బతిమాలాడు. ఆమెను ఆయన బతిమాలడం నేనెప్పుడూ వినలేదు.

"గిది దవా. తాగు," అంది అమ్మ.

నాగ్‌పాడా హోటల్ నుంచి నేను మేక కాళ్ళ పాయా తెచ్చాను. అమ్మ డబ్బా అందుకుని, ఆయన చూస్తుండగానే మోరీలో ఒంపేసింది. గదంతా మిరియాల వాసన. నాయిన గుటక మింగాడు.

అమ్మను గది బయటి గ్యాలరీలోకి తీసుకెళ్ళి డాక్టర్ మాటలు మళ్ళీ చెప్పాను. ఆమె గొంతు పెంచలేదు.

"గా నీళ్ళతోని ఏం కాదని నాకు తెల్వదా బిడ్డా? దవా అంటేనే తాగుతడు. ఇన్నేండ్లల్ల నేనేం తిన్ననో ఒక్కనాడన్న అడిగిండా?"

నేను పనికి సెలవు పెట్టి గుడ్డు ఉడికించాను. అమ్మ అడ్డం రాలేదు, గోడకానుకుని చూస్తూ కూర్చుంది. నాయిన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమలలేక అరచేతిలోకి ఉమ్మేశాడు. నా చేతిని పక్కకు తోసి, అమ్మ వైపు తిరిగాడు.

"నీ దవానే ఇయ్యి. దాంతోనే జర తాకత్ వస్తది."

అమ్మ లేచి గ్లాసు కడిగింది.

వానలు పడకముందే ఆయన పోయాడు. మొగుణ్ణి చివరిదాకా చంటిబిడ్డలా చూసుకుందని చాల్ ఆడవాళ్ళు అమ్మను మెచ్చుకున్నారు. అమ్మ కాదనలేదు. వచ్చినవాళ్ళకు చాపలు పరిచి, చాయ్‌కి నీళ్ళు పెట్టమని నాతో చెప్పింది.